ఓర్వకల్లు సిద్ధాంతం

విమానాశ్రయాల్లో నిమిషాలు ఎలా మిగల్చాలా అని ప్రపంచ మేధావులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరైనా కర్నూలు వచ్చి ఉంటే ఇంత శ్రమ తప్పేది.

అమెరికాలోని హ్యూస్టన్ విమానాశ్రయం సంగతే చూడండి. సామాన్లు ఆలస్యంగా వస్తున్నాయని అక్కడి ప్రయాణికులు గోలపెట్టారు. సిబ్బందిని పెంచినా గోల తగ్గలేదు. లెక్క తీస్తే, విమానం దిగి నడిచేది ఒక్క నిమిషం, బెల్టు ముందు నిలబడేది ఏడు నిమిషాలు. దాంతో విమానాలనే దూరంగా ఆపించారు. నడక ఆరింతలైంది, ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. నడిచేవాడికి ఎదురుచూస్తున్నానన్న స్పృహ ఉండదట. మనవాళ్లు ఇదే సూత్రాన్ని మరింత ధైర్యంగా అమలుచేసి, విమానాశ్రయాన్నే ఊరికి సుమారు 20 కిలోమీటర్ల అవతల ఓర్వకల్లులో కట్టారు.

2021 మార్చి 25న దాన్ని ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28న బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. ఆనాటి నుంచి నేటి వరకు అక్కడ తొక్కిసలాట జరిగిన దాఖలా లేదు. ఆకాశంలో రద్దీ లేదు, రన్‌వే కోసం వరుస లేదు. లేని విమానం ఆలస్యం కాదు కదా! ఇంతటి సమయపాలనకు ఎవరూ అవార్డు ఇవ్వకపోవడం రాయలసీమ పట్ల వివక్షే.

ఇక విమానం ఎక్కే పద్ధతి. జేసన్ స్టెఫెన్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త నక్షత్రాలను కాసేపు పక్కనపెట్టి 2008లో దీని మీద పరిశోధనపత్రం రాశారు. వెనక నుంచి మొదలుపెట్టి, వరుస విడిచి వరుస, ముందుగా కిటికీ సీట్లవాళ్లను పంపాలన్నారు. తర్వాత 72 మందితో పరీక్షిస్తే, వరుసల గుంపులుగా పంపే పద్ధతిలో పట్టే సమయంలో సగమే పట్టింది. అంతా బాగుంది. మా చిన్నమ్మను కిటికీ దగ్గరకు ముందు పంపి, చిన్నాయనను మధ్య సీటు వంతు వచ్చేదాకా నిలబెట్టాలి. "ఆయన మాత్రల డబ్బా నా దగ్గరుంది నాయనా, ఎట్లా పోతాను?" అని ఆమె అడిగితే ఆ పత్రంలో జవాబు లేదు.

పొదుపు విషయంలోనూ అంతే. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ సలాడ్‌లో ఒక్కొక్క ఆలివ్ కాయ తీయించి ఏడాదికి 40,000 డాలర్లు మిగిల్చారని చెబుతారు. నిరుడు తూకం యంత్రం మీద మా సంచీ 17 కిలోలు చూపింది. పరిమితి 15. చిన్నమ్మ అక్కడే నేల మీద కూర్చుని జిప్పు లాగింది. జొన్నరొట్టెల కట్టను చేతితో తూచి లోపల పెట్టింది. వేరుశనగల పొడి డబ్బా మూత బిగించి అదీ లోపల పెట్టింది. నా ప్యాంట్లు రెండూ, జోళ్లూ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి అక్కడ కొనుక్కోవచ్చు."

యంత్రం 15 చూపింది. క్రాండల్‌కు ఈ తెగువ లేదు.

కాబట్టి ఆసక్తిగల పరిశోధకులందరినీ ఓర్వకల్లుకు ఆహ్వానిస్తున్నాను. దారి సులువే. శంషాబాద్‌లో దిగి కర్నూలు బస్సు పట్టుకోండి. కిటికీ సీటు కావాలంటే బస్సు ఆగకముందే తువ్వాలు వేయండి.