ఫీడర్ దాకా వచ్చిన కరెంటు ఇంట్లోకి ఎందుకు రాదు?

2020 అక్టోబరు 13 రాత్రి వాన గురించి హైదరాబాద్‌లో ఎవరిని కదిపినా ఒక కథ చెబుతారు. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి పడింది. టోలిచౌకిలో నదీం కాలనీ, రామంతాపూర్, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి, కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ ఇంకోసారి నీళ్ల పాలైంది. మేం ఉండేది సరూర్‌నగర్ వైపే. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, సెల్లార్ నిండా నీళ్లు.

మూడో రోజు సాయంత్రం వీధిలైట్లు వెలిగాయి. ఎదురింట్లో టీవీ మోగుతోంది, మా బిల్డింగ్ మాత్రం చీకట్లోనే ఉంది. ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేస్తే "మీ ఫీడర్ ఛార్జ్ అయిందండీ, సప్లై ఉంది" అన్నారు. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి మా వీధుల దాకా కరెంటు తెచ్చే లైన్, ఛార్జ్ అయిందంటే అందులోకి కరెంటు వదిలారని. ఆ మాట నిజమే. 33 కేవీ లైన్ బాగుంది, సబ్‌స్టేషన్ బాగుంది, 11 కేవీ ఫీడర్ మీద కరెంటు ఉంది, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కూడా పనిచేస్తోంది. అక్కడి నుంచి మా ఇంటి స్విచ్ దాకా మహా అయితే యాభై మీటర్లు. ఆ యాభై మీటర్లకి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఎందుకంటే మీటర్లన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయి. లైన్‌మన్ వచ్చి టార్చ్ వేసి చూశాడు, ప్యానెల్ బోర్డు మీద ఛాతీ ఎత్తులో బురద గీత. "ఇది ఆరకుండా ఫ్యూజులు పెడితే నేనూ పోతా, మీరూ పోతారు సార్" అన్నాడు. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేం. పక్క వీధి ఎలక్ట్రీషియన్ షాపు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఒక్కో మీటరు డబ్బా విప్పి, బురద తుడిచి, జనరేటర్ మీద పెడెస్టల్ ఫ్యాన్ పెట్టి రాత్రంతా ఆరబెట్టారు. తెల్లారాక మెగ్గర్ (తీగల్లోంచి కరెంటు లీకవుతుందేమో చూసే పరికరం) పెట్టి ఇన్సులేషన్ చూసుకుంటూ ఒక్కో ఫ్లాటుకీ లైన్ ఇచ్చారు. అన్ని రోజులూ రెండో అంతస్తు ఆంటీ ఇన్సులిన్ సీసాలు థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య ఉన్నాయి, ఆ ఐసు కోసం వాళ్లబ్బాయి రోజుకి రెండుసార్లు మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లొచ్చేవాడు.

నా ఫిర్యాదంతా ఆ యాభై మీటర్ల గురించే. వరద తర్వాత ఎన్ని సబ్‌స్టేషన్లు, ఎన్ని ఫీడర్లు పునరుద్ధరించామో అధికారులు ప్రకటిస్తారు. ఎన్ని ఇళ్లలో బల్బు వెలిగిందో చెప్పే లెక్క నాకెప్పుడూ కనిపించలేదు. లెక్కలో లేని పని మీద ఎవరి దృష్టీ ఉండదు. ఫీడర్ ఛార్జ్ అవగానే ఆ ఏరియా జాబితాలోంచి పోతుంది, లోపల మునిగిన బోర్డుల సంగతి ఓనరు, అసోసియేషన్, దొరికిన ఎలక్ట్రీషియన్ చూసుకోవాలి. బస్తీల్లో అయితే ఆ ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వడానికి డబ్బులెక్కడివి?

మన దగ్గర విపత్తు అనగానే అందరి మనసులోనూ తుపానే మెదులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు స్తంభాలు నేలకూలాయి, లైన్లు తెగాయి. అక్కడ ఎక్కువ పని బయటే. బయటి జిల్లాల నుంచి గ్యాంగులు రావాలి, స్తంభాలూ తీగలూ లారీల్లో దిగాలి. మనకి ఆ పద్ధతి బాగా అలవాటైంది. హైదరాబాద్ వరదలో స్తంభాలు చాలావరకు నిలబడే ఉంటాయి, దెబ్బతినేది లోపల: సెల్లార్ బోర్డులు, సంపు మోటార్లు, లిఫ్టు ప్యానెళ్లు. దీనికి స్తంభాల లారీ పనికిరాదు. వందలమంది ఎలక్ట్రీషియన్లు, మెగ్గర్లు, మీటర్లు, ఫ్యూజు బాక్సులు, నీళ్లు తోడే పంపులు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడూ ఇదే కనిపించింది. ఫోన్ ఛార్జింగ్ అయిపోయాక సాయం అడగడానికి కూడా దారి లేకుండా పోయింది చాలామందికి.

ఫోన్ సంగతి చెప్పాలంటే, సెల్ టవర్ కూడా కరెంటు మీదే బతుకుతుంది. సప్లై పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత డీజిల్ జనరేటర్. రోడ్డు మునిగితే డీజిల్ రాదు, టవర్ పడుకుంటుంది. విపత్తుల్లో ఒక కంపెనీ సిగ్నల్ పోతే ఇంకో కంపెనీ నెట్‌వర్క్ వాడుకునేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిచే ఏర్పాటు మన దేశంలో ఉంది. అది మంచి పని, కానీ పక్కపక్కనే ఉన్న టవర్లన్నీ ఒకే ఫీడర్ మీద ఉండి, ఆ ఫీడరే ఆఫ్ అయితే రోమింగ్ ఎక్కడికని? అందుకే ఆసుపత్రులు, వాటర్ బోర్డు పంపింగ్ స్టేషన్లతో పాటు టవర్ల లైన్లనూ ముందు వరుసలో పెట్టాలి.

ఇక ఇంటి ఇంటర్నెట్. ఫైబర్‌లో వెళ్లేది వెలుతురు కాబట్టి నీళ్లలో తడిస్తే షాక్ కొట్టదు, షార్ట్ అవదు. చచ్చిపోయేది దాని రెండు చివర్లా ఉన్న కరెంటు డబ్బాలు. మా బిల్డింగ్‌లో ఫ్లాట్లన్నిటికీ ఇంటర్నెట్ పంచే డబ్బా, అంటే స్విచ్, కూడా ఆ సెల్లార్‌లోనే గోడకి కొట్టి ఉంది. కంపెనీ నుంచి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చిన రోజున ఆ డబ్బాలోంచి నీళ్లు కారుతున్నాయి.

పైగా ఈ నగరంలో కేబుళ్లు కరెంటు స్తంభాల మీదే వేలాడతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లు పెద్ద ఎత్తున కోసేస్తే, వరద లేకుండానే ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల విషయంలో రాజీ పడమని నేను చెప్పను. ఏ కేబుల్ ఎవరిదో గుర్తు పట్టే ట్యాగ్ కూడా లేని చోట, విపత్తు రోజున చెట్టు కొమ్మ కొట్టే మనిషికి ఏది కోయాలో ఏది ఉంచాలో ఎలా తెలుస్తుంది?

భూగర్భ కేబుళ్లు వేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. గాలికి, కొమ్మలకి, వేలాడే తీగల ప్రమాదానికి అది మంచి మందే. వరదకి మాత్రం పూర్తి మందు కాదు. రోడ్డు ఎత్తులో పెట్టిన స్విచ్ బాక్సులు మునుగుతాయి, కేబుల్ జాయింట్లలోకి తేమ దిగితే ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకోవడం పైలైన్ కంటే కష్టం. ఆ బాక్సులు ఎంత ఎత్తు దిమ్మె మీద పెడుతున్నారో ముందే అడగాలి.

అన్నిటికంటే తేలికైన పని మీటర్ ప్యానెల్‌ని సెల్లార్‌లోంచి పైకి తేవడం. 2020లో మునిగిన ప్రతి బిల్డింగ్‌కీ నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో తెలుసు, గోడ మీద గీత ఉంది. ఆ గీతకి పైన లేకపోతే కొత్త కనెక్షన్ ఇవ్వకూడదు, పాతవాటికి గడువు పెట్టి, పేద కాలనీల్లో ఖర్చు ప్రభుత్వమే భరించాలి. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చిన రాత్రి మా వాళ్లు ముందుగా పరుగెత్తింది సెల్లార్‌లో బండ్లు తీయడానికి. మీటర్ల గురించి ఎవరూ టెన్షన్ పడలేదు, అవి 2021లోనే మొదటి అంతస్తు మెట్ల దగ్గరికి మారాయి. ఇంటర్నెట్ స్విచ్ మాత్రం ఇంకా కిందే ఉంది. కంపెనీకి మూడుసార్లు చెప్పాం, వచ్చే వానాకాలం లోపు మేమే విప్పి పైన బిగిస్తాం.