జిప్పు రన్నర్ పోతే జాకెట్ మొత్తం పారేయాలా?

ట్రెక్కింగ్ జాకెట్లు ఏవి చూసినా ఒక ఆకుపచ్చ ట్యాగ్, పాత ప్లాస్టిక్ సీసాలతో చేశామని గొప్పలు. సీసాని కరిగించి మళ్లీ సీసా చేయొచ్చు, కానీ దాన్ని దారంగా మార్చి జాకెట్ కుట్టేశాక, ఆ జాకెట్‌ని మళ్లీ జాకెట్ చేసేవాళ్లు దాదాపు లేరు కదా! పైగా ఫ్లీస్, అంటే ఉన్నిలా మెత్తగా ఉండే ప్లాస్టిక్ దారపు గుడ్డ, ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తూనే ఉంటుంది, అది రీసైకిల్డ్ అయినా సరే.

నాకు అసలు ఒళ్లు మండేది రిపేరు దగ్గర. నా రెయిన్ జాకెట్‌కి గుడ్డ బాగుంది, కుట్లు బాగున్నాయి, జిప్పు రన్నర్ ఒక్కటే అరిగిపోయి పళ్లు పట్టట్లేదు. కంపెనీకి రాస్తే విడిభాగాలు ఇవ్వరట, కొత్తదాని మీద డిస్కౌంట్ కూపన్ పంపారు! చివరికి మా వీధిలో బ్యాగులు కుట్టే ఆయన కాసేపట్లో రన్నర్ మార్చేసి ఇచ్చాడు.

పటగోనియా అనే అమెరికా జాకెట్ల కంపెనీ 2011లోనే న్యూయార్క్ టైమ్స్‌లో ‘ఈ జాకెట్ కొనకండి’ అని ప్రకటన వేసింది, పాతవి రిపేరు కూడా చేసి ఇస్తుంది, కాబట్టి కుదరదు అనే మాట నేను నమ్మను. చొక్కాకి అదనపు గుండీ ఇస్తారు, అన్ని వేలు పోసి కొన్న జాకెట్‌తో ఒక స్పేర్ రన్నర్ ఇవ్వడానికి ఏం అడ్డం?