గోడల మీద బోలెడుండగా గుట్టలెందుకు తవ్వడం?

తొలకరి పడితే చాలు, బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) పిచ్చి ఉన్నవాళ్ల చూపు గుట్టల మీదికి పోతుంది. తేమ ఉన్నప్పుడు తవ్వితే చెట్టు బతుకుతుందని నమ్మకం, అందులో కొంత నిజం లేకపోలేదు. విత్తనం వేసి ఇరవై ఏళ్లు కాచుకునే కన్నా, ఆ ఇరవై ఏళ్లూ ఎండకు మాడి, గాలికి మెలికలు తిరిగిన మొద్దును పెకలించి తెచ్చుకుంటే పనైపోతుంది కదా అన్నది లెక్క. జపాన్ వాళ్లు దీన్నే యమదోరి అంటారు, అక్కడ పేరున్న బోన్సాయ్‌లలో చాలావాటి పుట్టిల్లు కొండలే. కాబట్టి ఇదంతా దొంగల వ్యవహారమని మేము కొట్టిపారేయడం లేదు. కానీ మన గుట్టల జోలికి మాత్రం పోవద్దు అంటున్నాం, మొహమాటం లేకుండానే.

ఆ చెట్టు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. రాయి పగిలిన సందులో ఒక బలుసు చెట్టో, రేగు చెట్టో. మేకలు ఏటా చిగురు కొరికేస్తుంటాయి కాబట్టి మోకాలెత్తు దాటదు, మాను మాత్రం మణికట్టంత లావెక్కుతుంది. ఫొటోకి అద్భుతంగా ఉంటుంది. కానీ దాని తల్లివేరు రాతి నెర్రెలోకి ఎంత లోతు పోయిందో పైనుంచి తెలీదు, నీళ్లు తాగే సన్నటి వేళ్లన్నీ ఎక్కడో ఆ చివరన ఉంటాయి. గడ్డపార వేసి అడుగున్నర దగ్గర నరికి తెచ్చామంటే చేతికొచ్చేది మొద్దు, దాని కింద ఒట్టి తాడులాంటి వేరు ముక్క. కుండీలో పెట్టాక అది చిగురిస్తుంది కూడా. మానులో దాచుకున్న సత్తువతో వచ్చిన చిగురు అది, వేరు పట్టిందనడానికి గుర్తు కాదు. ఆ సత్తువ అయిపోగానే ఆకులు వాడి రాలిపోతాయి. చిగురు ఫొటో అందరూ పెడతారు, తర్వాతి ఫొటో ఎవరూ పెట్టరు.

జపాన్‌ను చూపించి వాదించేవాళ్లు చెప్పేది సగం కథే. షింపాకు అనే జునిపర్ కోసం షికోకు దీవిలోని ఇషిజుచి కొండను, ఆ తర్వాత నీగాతా వైపు ఇతోయిగావా కొండచరియలను గాలించారు. నడుముకు తాళ్లు కట్టుకుని లోయల్లోకి దిగారు, పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చివరికి తవ్వదగ్గ పాత చెట్లు ఆ చరియల మీద దాదాపు మిగల్లేదు. ఇవాళ ఇతోయిగావా పేరుతో అమ్ముడయ్యే మొక్కల్లో ఎక్కువ భాగం కొమ్మ కత్తిరించి నాటి పెంచినవే. అంటే జపాన్ వాళ్లే కొండ ఖాళీ అయ్యాక నర్సరీకి వచ్చారు. మనం కొండ ఉండగానే రావచ్చుగా?

పైగా మన దగ్గర రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా మొక్క తవ్వడం నేరం, 1967 అటవీ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ వర్తిస్తుంది. శేషాచలం కొండల ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీ అనే మొక్క అయితే వన్యప్రాణి చట్టం కిందకే వస్తుంది. అడవి అవునో కాదో తెలీదు సార్, ఊరి పక్క గుట్టే కదా అనే మాట ఫారెస్టు వాళ్ల దగ్గర చెల్లదు.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర దొరక్క కళాకారులు ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నారో తెలిసిందే. బతుకుదెరువు కోసం కొట్టినా అడవి తరిగిపోతుంది, సరదా కోసం తవ్వితే తరగదా?

మరి చెట్లు ఎక్కడివి? తల పైకెత్తి చూడండి. పాత సినిమా హాలు గోడ, కల్వర్టు, వాడకం లేని బావి ఒర, అపార్టుమెంటు నాలుగో అంతస్తు డ్రైనేజీ పైపు పక్కన, ప్రతిచోటా రావి, మర్రి, జువ్వి. కాకులు పండు తిని విత్తనం వేసి పోతాయి, ఇటుకల సందులో వేళ్లు అల్లుకుంటాయి. ఆ చెట్టుకు భవిష్యత్తు లేదు, ఇవాళో రేపో ఎవరో నరుకుతారు లేదా యాసిడ్ పోస్తారు. రావి మొక్క పీకాలంటే చాలామందికి చేతులు రావు, దోషమని భయం. మేం తీసుకెళ్లి పెంచుకుంటాం అని మర్యాదగా అడిగితే నిచ్చెన కూడా వాళ్లే తెచ్చి వేస్తారు! ఈ జాతికి ఓర్పు ఎక్కువ, కొద్దిపాటి వేరుతో తీసినా వానాకాలంలో నీడన పెడితే తేరుకుంటుంది.

రోడ్లు వెడల్పు చేసేచోట ఇంకా మేలు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల మీద ఇన్నేళ్లు గొడవ నడిచింది, దాదాపు 900 చెట్ల సంగతి అది. వాటిని కాపాడాలన్నదే మా మాట. కానీ ఎక్కడైనా అన్ని అనుమతులతో ఒక మర్రిని కొట్టక తప్పకపోతే, తొడ లావు కొమ్మలు లారీకెక్కి కట్టెల అడితికి ఎందుకు పోవాలి? మర్రి కొమ్మ నాటితే వేరు పట్టే చెట్టు. ఆ మాను చుట్టూ ఉన్న రేగు, కలివి పొదల్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు, జేసీబీ ఒక్క ఊపులో ఎత్తి పారేస్తుంది. కొత్త లే అవుట్లలోనూ ఇదే తంతు. అమెరికాలో కొన్ని జాతీయ అడవుల్లో ఫీజు కట్టి మొక్క తవ్వుకునే పర్మిట్లు ఇస్తారు. మనకు అడవిలో అవి అక్కర్లేదు. చదును చేయబోయే భూముల్లో ఏం పోతున్నాయో ముందే చెప్పి, ఫలానా వారం వచ్చి తీసుకెళ్లండి అని మున్సిపాలిటీ, అటవీ శాఖ కలిసి ఒక రసీదు ఇస్తే చాలు. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద దరఖాస్తు ఎలాగూ వస్తుంది, దానికే ఇంకో కాగితం జతచేయొచ్చు.

ఆ రసీదు ఉంటే కొనేవాళ్లకూ పని తేలిక. పాత మొద్దు అమ్మకానికి పెట్టినవాణ్ని ఎక్కడ తవ్వారని అడగాలి. ఫలానా ఇల్లు కూలగొట్టినప్పుడు, ఫలానా సర్వే నంబరులో అని చెప్పి కాగితం చూపిస్తే సరే. ఊరికే నవ్వి, ధర తగ్గిస్తాలే అంటే మాత్రం కొనకండి.