రాకెట్ పని గుత్తకివ్వాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చిన్నప్పుడు మా మేనమామ నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లి ఆ దారి మొదట్లో నిలబెట్టాడు. తూర్పున ఒక్కసారిగా నిప్పు ముద్ద లేచింది. చప్పుడు మాత్రం లేదు. అది మబ్బుల్లోకి దూరిపోయి, జనం చప్పట్లు కూడా కొట్టేశాక అప్పుడొచ్చింది మోత. కాళ్ల కింద నేల, స్కూటర్ అద్దం, ఛాతీలో ఊపిరి అన్నీ కలిసి అదిరాయి. పక్కన చేపల బుట్ట దించుకుని నిలబడ్డ ఒకావిడ ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టుకుంది. ఆ రోజు నుంచి నాకు రాకెట్ అంటే ఇస్రో, ఇస్రో అంటే మనది.

ఆ అభిమానం ఇవాళ్టికీ తగ్గలేదు. అంతరిక్షాన్ని ప్రైవేటుకు తెరవాలని రాస్తున్నది కూడా ఆ అభిమానంతోనే.

2022 నవంబరు 18న అదే శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్ సంస్థ స్కైరూట్. ఇస్రోలో ఉద్యోగాలు వదిలొచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో పెట్టిన కంపెనీ అది. రాకెట్ పొడవు ఆరు మీటర్లు, బరువు 545 కిలోలు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడిపోయింది. కక్ష్యలోకి వెళ్లనే లేదు కదా, ఇదేం గొప్ప అని పెదవి విరిచినవాళ్లున్నారు. కానీ అప్పటిదాకా ఈ దేశంలో ఒక ప్రైవేటు సంస్థ సొంత రాకెట్‌ను ఎగరేసిందే లేదు. 2024 మే 30న చెన్నై సంస్థ అగ్నికుల్ తన అగ్నిబాణ్‌ను ఎగరేసింది. దాని ఇంజిన్ మొత్తం ఒకే ముక్కగా 3డి ప్రింటింగ్‌లో తయారైంది. అంతకుముందు నాలుగుసార్లు ప్రయోగం ఆఖరి నిమిషాల్లో ఆగిపోయింది. నాలుగుసార్లు ఆగినా ఐదోసారి మళ్లీ నిలబెట్టారు. ఆ పట్టుదలే నాకు నచ్చింది.

అయినా కంపెనీలు పుట్టాయి కదా అని సంతోషించి ఊరుకుంటే పని జరగదు. వాటి దగ్గర ఎవరు కొంటారు, ఏ పద్ధతిలో కొంటారు అన్నది తేలాలి.

ఇల్లు కట్టించుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మేస్త్రీని రోజుకూలీ మీద పెట్టుకుంటే పని సాగుతూనే ఉంటుంది. సిమెంటు మనదే, ఇసుక మనదే, గోడ వంకర వస్తే పడగొట్టి మళ్లీ కట్టే ఖర్చూ మనదే. ఎన్ని రోజులు ఎక్కువైతే కట్టేవాడికి అంత కూలి. అదే గుత్తకిస్తే లెక్క మారిపోతుంది. పునాదికి ఇంత, స్లాబుకు ఇంత, తాళాలు చేతికిచ్చిన రోజున ఇంత అని ముందే మాట్లాడుకుంటాం. వంకర వస్తే నష్టం అతనిది, పని తొందరగా తెమిలితే మిగులు కూడా అతనిదే.

అమెరికా అంతరిక్ష కార్యక్రమం దశాబ్దాల పాటు రోజుకూలీ పద్ధతిలోనే నడిచింది. ఏం కావాలో, ఎలా చేయాలో నాసా చెప్పేది. కంపెనీలు చేసేవి. అయిన ఖర్చంతా నాసా ఇచ్చి, దాని మీద లాభం కలిపేది. 2006లో నాసా ఒక కొత్త దారి తొక్కింది. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు చేర్చండి, రాకెట్ ఎలా కట్టుకుంటారో మీ ఇష్టం, ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ముందు అనుకున్నంత ఇస్తాం, మిగతా పెట్టుబడి మీరే తెచ్చుకోండి అంది. ఎంపికైన రెండు సంస్థల్లో ఒకటి పెట్టుబడి తేలేకపోయింది. 2007లో నాసా ఆ ఒప్పందాన్ని రద్దుచేసి, 2008లో మరో సంస్థను తీసుకుంది. మొదట ఎంపికైన ఆ ఇద్దరిలో నిలబడ్డ రెండోది స్పేస్‌ఎక్స్.

దాని మొదటి రాకెట్ ఫాల్కన్ 1 వరుసగా మూడుసార్లు విఫలమైంది. 2008 సెప్టెంబరు 28న నాలుగోసారి కక్ష్యకు చేరింది. అదే ఏడాది డిసెంబరులో నాసా 12 సరుకు ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చింది. స్పేస్‌ఎక్స్ కథ చెప్పేవాళ్లంతా మస్క్ మొండితనం గురించి చెప్తారు. నేను ఆ కాంట్రాక్టు గురించి చెప్తాను. అమ్ముడవుతుందన్న భరోసా లేకపోతే ఎంత మొండివాడైనా ఎన్నాళ్లు నిలబడగలడు? దాని తర్వాతి పెద్ద రాకెట్ ఫాల్కన్ 9 తయారీకి ఆ సంస్థ పెట్టిన ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. అదే రాకెట్‌ను పాత పద్ధతిలో చేయిస్తే దాదాపు 400 కోట్లయ్యేదని లెక్కగట్టింది నాసాయే.

గుత్త పద్ధతి అసలు విలువ గెలిచినప్పటికన్నా ఓడినప్పుడు బాగా తెలుస్తుంది. 2014లో వ్యోమగాముల్ని తీసుకెళ్లే పనిని నాసా ఇద్దరికి ఇచ్చింది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్లు. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ బోయింగ్ వ్యోమనౌక స్టార్‌లైనర్‌లో వెళ్లడం, దానికి హీలియం లీకులు, థ్రస్టర్ల సమస్యలు రావడం, చివరికి 2025 మార్చిలో వాళ్లిద్దరూ స్పేస్‌ఎక్స్ వ్యోమనౌక డ్రాగన్‌లో తిరిగి రావడం మనందరం టెన్షన్‌తో చూశాం. స్టార్‌లైనర్ మీద బోయింగ్‌కు వచ్చిన నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. ఆ నష్టం కంపెనీ పుస్తకాల్లో పడింది, పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడలేదు. పైగా ఇద్దరికి ఇచ్చారు కాబట్టే ఒకరు కూలబడ్డా రెండోవారి బండి ఉంది. 2011లో నాసా తన స్పేస్ షటిల్‌ను ఆపేశాక 2020 దాకా అమెరికాకు సొంత బండే లేదు. రష్యా సోయుజ్‌లో సీట్లు కొనుక్కుంది. చివరికొచ్చేసరికి ఒక్కో సీటు ధర 9 కోట్ల డాలర్లు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం.

2024 నవంబరులో ఇస్రో తయారుచేసిన ఉపగ్రహం జీశాట్-ఎన్2 ఫ్లోరిడా నుంచి ఫాల్కన్ 9 మీద వెళ్లింది. దాని బరువు 4,700 కిలోలు. ఆ కక్ష్యకు అంత బరువు మోసే రాకెట్ మన చేతిలో లేదు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లిందీ స్పేస్‌ఎక్స్ డ్రాగన్‌లోనే. తెలుగు మూలాలున్న శిరీష బండ్ల 2021లో వెళ్లింది వర్జిన్ గెలాక్టిక్‌లో, రాజా చారి అదే ఏడాది వెళ్లింది డ్రాగన్‌లో, విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర 2024లో వెళ్లింది బ్లూ ఆరిజిన్‌లో. అన్నీ ప్రైవేటు బళ్లే, అన్నీ అమెరికావే. మనవాళ్లు అంతరిక్షానికి వెళ్తున్నారు, టికెట్ డబ్బు మాత్రం అక్కడికి పోతోంది. 2024లో ఫాల్కన్ రాకెట్లు 130కి పైగా ప్రయోగాలు చేశాయి. ఆ ఏడాది ఇస్రోవి ఐదు.

దీన్ని ఇస్రో చేతగానితనం అనేవాళ్లతో నేను గట్టిగా విభేదిస్తాను. చంద్రయాన్-3ను సుమారు 615 కోట్ల రూపాయలతో చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరగా దించిన సంస్థ అది. 2025-26లో అంతరిక్ష శాఖకు ఇచ్చిన బడ్జెట్ మొత్తం 13,416 కోట్లు. ఆ డబ్బుతోనే చంద్రుడు, సూర్యుడు, గగన్‌యాన్, వాతావరణ ఉపగ్రహాలు, దారి చూపే నావిక్ ఉపగ్రహాలు, మళ్లీ మళ్లీ అదే పీఎస్ఎల్‌వీ రాకెట్ తయారీ. ఎవరూ వేయని పునాదిని గుత్తకివ్వలేం. అది ఎంత లోతు తవ్వాలో ఎవరికీ తెలియదు. అలాంటి పని ఇస్రోయే చేయాలి. కానీ మూడు దశాబ్దాలుగా ఎగురుతున్న రాకెట్‌ను ఇంకా సైంటిస్టులే బిగించాలా?

నిజానికి ప్రైవేటు చేయి ఇస్రోకి కొత్త కాదు. హైదరాబాద్‌లో ఎంటార్ అనే ప్రైవేటు సంస్థ ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజిన్ల భాగాలు తయారుచేస్తూనే ఉంది. ఉపగ్రహాల భాగాలు చేసే అనంత్ టెక్నాలజీస్ 1992 నుంచి ఉంది. బాలానగర్ లోపలి వీధుల్లో నడిస్తే కూలెంట్ వాసన, షట్టర్ పక్కన పోగుపడ్డ అల్యూమినియం చెక్కు, సీఎన్‌సీ మిషన్ ముందు మైక్రోమీటరు పట్టుకుని ఒంగిన కుర్రాడు కనిపిస్తారు. వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా ముక్క రిజెక్ట్. అంత నేర్పు మన దగ్గరుంది. కానీ ఈ పద్ధతిలో డ్రాయింగ్ ఇస్రోది, వాడుతున్న లోహం ఇస్రో చెప్పింది, తనిఖీ ఇస్రోది. ఇంకా చవగ్గా చేసే ఉపాయం ఆ కుర్రాడికి తట్టినా దాన్ని వాడే అధికారం లేదు. రోజుకూలీలో ఆలోచనకు కూలి ఉండదు.

2020లో కేంద్రం ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్‌ను పెట్టింది, 2023లో అంతరిక్ష విధానం తెచ్చింది, 2024లో విదేశీ పెట్టుబడుల నిబంధనలు సడలించి, వెయ్యి కోట్ల వెంచర్ నిధికి ఆమోదం ఇచ్చింది. ఇవన్నీ మంచివే. అయితే వెంచర్ నిధి పెట్టుబడి మాత్రమే ఇస్తుంది, ఆర్డర్ ఇవ్వదు. నిఘా కోసం 52 ఉపగ్రహాలు కావాలని 2024లో నిర్ణయించి, అందులో 31 ప్రైవేటుకు ఇవ్వాలనుకోవడం నా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద అడుగు. అక్కడ ప్రభుత్వం కొనేవాడిగా నిలబడింది. రాకెట్ల విషయంలో ఆ తెగువ ఇంకా రాలేదు. చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో చేసిన ఎస్ఎస్ఎల్‌వీ టెక్నాలజీని 2025లో 511 కోట్లకు దక్కించుకుంది హెచ్ఏఎల్. అది మళ్లీ ప్రభుత్వ రంగ సంస్థే.

ఇక స్థిరనివాసం మాట. చంద్రుడి మీద మనుషులు ఉండటం పగటికలలా అనిపించడానికి కారణం ఒకటే, బరువు. అపోలో 17 వ్యోమగాములు 1972 డిసెంబరులో చంద్రుణ్ని వదిలి వచ్చాక ఈ యాభై ఏళ్లలో ఎవరూ అక్కడ అడుగు పెట్టలేదు. జెండా పాతడానికి ప్రభుత్వ ఖజానా చాలుతుంది. అక్కడ వంట చేసుకుని, నీళ్లు తాగి, గాయమైతే కట్టు కట్టించుకుని బతకాలంటే సరుకు రవాణా చవకవ్వాలి. షటిల్‌లో భూమికి దగ్గరి కక్ష్యకు కిలో చేర్చడానికి 54,500 డాలర్లయ్యేదని, ఫాల్కన్ 9లో అది 2,700కి దిగిందని నాసా పరిశోధకుడొకరు 2018లో లెక్క చెప్పారు. ఇరవయ్యో వంతు. ఇంకో పదో వంతుకు దిగిన రోజున అక్కడికి సైంటిస్టులతో పాటు వెల్డర్లు, ప్లంబర్లు, నర్సులు కూడా వెళ్తారు. అంతరిక్ష కేంద్రంలో ఇప్పటికే చెమట, మూత్రంతో సహా నీటిలో 98 శాతం తిరిగి తాగునీరుగా మార్చుకుంటున్నారు. చంద్రుడి మీద నీటి అణువుల ఆనవాలు పట్టిన పరికరం వెళ్లింది మన చంద్రయాన్-1లో. ఈ కథలో మనం ప్రేక్షకులుగా మిగలాల్సిన పనిలేదు.

భయాలు లేవా? ఉన్నాయి, వాటిని నేను తేలిగ్గా తీసుకోను. శ్రీహరికోటే తీసుకోండి. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి యానాదులది. అడవిలో తేనె, దుంపలు, మూలికలు, సరస్సులో చేపలు వాళ్ల బతుకు. దేశం కోసమని వాళ్లు ఆ చోటు వదలాల్సి వచ్చింది. కొత్త చోటికి దారి తెరుచుకున్నప్పుడల్లా ఎవరిదో ఒకరిది పోతుందని ఆ దీవి చెబుతుంది. చంద్రుడి మీద నివసించేవాళ్లు లేరు. కానీ మంచు ఉండే గోతులు కొన్నే ఉన్నాయి, అవి ముందొచ్చినవాడి సొత్తు కాకూడదు. ఏ దేశమూ చంద్రుణ్ని సొంతం చేసుకోకూడదని 1967 ఒప్పందం చెబుతోంది. తవ్వి తీసిన ఖనిజం తవ్వినవాడిదేనని అమెరికా 2015లో చట్టం చేసుకుంది. ఈ రెంటి మధ్య హద్దు గీసే చర్చలో మాట చెల్లాలంటే అక్కడికి వెళ్లగలిగే బండి మనకు ఉండాలి.

రెండో భయం గుత్తాధిపత్యం. ఇవాళ ప్రపంచంలో కక్ష్యకు వెళ్లే దారి చాలావరకు ఒకే కంపెనీ చేతిలో ఉంది. ఇది మంచిది కాదు. అయితే ఒక సంస్థ పెత్తనానికి విరుగుడు ఇంకో నాలుగు సంస్థలే. అందుకే ఏ పనైనా కనీసం ఇద్దరికి ఇవ్వాలి. స్టార్‌లైనర్ అనుభవం ఉండగా ఒక్కరి మీదే ఆధారపడితే అది మన తప్పే అవుతుంది.

మూడోది చట్టం. 1972 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన గడ్డ మీద నుంచి ఎగిరిన రాకెట్ వేరే దేశంలో ఇళ్ల మీద పడితే పరిహారం కట్టాల్సింది భారత ప్రభుత్వం. అది ప్రైవేటు రాకెట్ అయినా అంతే. కంపెనీ ఎంతవరకు బీమా చేయాలి, ఆపైన ప్రభుత్వం ఎంత భరించాలి అన్న లెక్క అమెరికా చట్టంలో ఉంది. మన దగ్గర అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో వచ్చింది, ఇంకా చట్టం కాలేదు. అనుమతులిచ్చే ఇన్-స్పేస్‌కు కూడా పార్లమెంటు చట్టం బలం లేదు. ఇలాంటి చోట పెద్ద పెట్టుబడి ఎవరు పెడతారు? 2005లో ఇస్రో వాణిజ్య విభాగానికి దేవాస్ అనే ప్రైవేటు కంపెనీతో ఒప్పందం, 2011లో రద్దు, ఆ తర్వాత ఏళ్ల తరబడి విదేశీ ట్రిబ్యునళ్లు, కోర్టులు. తప్పు ఎవరిదన్నది సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఒప్పందాలు పారదర్శకంగా, బహిరంగ టెండర్‌తో రాసుకోవాలనే పాఠం మాత్రం మనకు మిగిలింది.

కాబట్టి నేను అడిగేది ఒకే పని. 2035కల్లా భారతీయ అంతరిక్ష స్టేషన్ కడతామని, దాని మొదటి మాడ్యూల్‌ను 2028లో పంపుతామని ప్రభుత్వం చెప్పింది. ఆ స్టేషన్‌ను ఇస్రో కట్టనీ. అక్కడికి తిండి, నీళ్లు, ఆక్సిజన్, విడిభాగాలు మోసే పనిని మాత్రం ఇప్పుడే ఇద్దరు భారతీయ సంస్థలకు గుత్తకివ్వాలి. మెట్టుమెట్టుకూ చెల్లింపు, గడువు దాటితే కోత, సరుకు చేరితే పూర్తి డబ్బు. నాసా 2006లో ఒప్పందం రాసుకుంటే డ్రాగన్ అంతరిక్ష కేంద్రాన్ని చేరింది 2012 మేలో, మనుషుల్ని చేర్చింది 2020లో. ఆరేళ్లు, పద్నాలుగేళ్లు. ఈ లెక్కన 2035లో మన స్టేషన్‌కు మన బండిలో సరుకు వెళ్లాలంటే, ఆ టెండర్ కాగితం ఇన్-స్పేస్ బల్ల మీదికి ఈ ఏడాదే రావాలి.