కరువు కంటే ఉన్ని ధర పడిపోవడమే పెద్ద దెబ్బ
ఆస్ట్రేలియా పశుసంపదలో గొర్రెల వాటా తగ్గి ఆవుల వాటా పెరగడానికి కరువే కారణమని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కరువులు అంతకుముందూ వచ్చాయి, వానలు పడగానే మందలు మళ్లీ పెరిగాయి. 1991 తర్వాత మాత్రం కోలుకోలేదు. 1970లో సుమారు 18 కోట్లు, 1990లో 17 కోట్లు ఉన్న గొర్రెలు ఇప్పుడు 7 కోట్ల దగ్గర ఆడుతున్నాయి. అప్పట్లో ఉన్నికి కిలోకు 870 సెంట్లు కనీస ధర పెట్టారు. అంత పెట్టి కొనేవాళ్లు లేక చివరికి 47 లక్షల బేళ్లు గోదాముల్లో పేరుకుపోయాయి, 1991 ఫిబ్రవరిలో ఆ కనీస ధర పథకమే ఎత్తేశారు. అమ్ముడుపోని గొర్రెల్ని రైతులే తుపాకీతో కాల్చి గోతుల్లో పూడ్చారు. ఎంత ఘోరం! నేనుండే పశ్చిమ ఆస్ట్రేలియాలో చాలామంది గోధుమ, కనోలా (నూనెగింజల పంట) వైపు మళ్లారు. మా పక్క రైతు ఉన్ని కత్తిరించే షెడ్డులో ఇప్పుడు విత్తనాలు వేసే యంత్రం పెట్టుకున్నాడు, కింద చెక్కలు మాత్రం ఉన్ని జిడ్డుకి ఇంకా నున్నగా ఉంటాయి. మిగిలిన మందలూ మాంసం వైపే మొగ్గుతున్నాయి. కత్తిరించే మనుషులు దొరక్క, ఉన్ని దానంతటదే రాలిపోయే డార్పర్ లాంటి జాతుల్ని పెంచుతున్నారు. పైగా 2028 మే 1 నుంచి ఓడల్లో బతికున్న గొర్రెల ఎగుమతి బంద్. ఆ ఎగుమతి దాదాపు అంతా మా రాష్ట్రం నుంచే. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా రాయాల్సింది.