ఎవరికి స్లీవ్? ఎవరికి బైపాస్?

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆరా తీసేవారు ముందుగా అడిగేది ఎన్ని కిలోలు తగ్గుతామనే. సర్జన్ కూడా దానికే జవాబు చెప్పి ఊరుకుంటే రోగికి అన్యాయం జరిగినట్టే. జీర్ణాశయం మీద చేసే స్లీవ్, బైపాస్ ఆపరేషన్లలో ఏది నప్పుతుందో కాటా చెప్పలేదు. అన్నవాహిక చెబుతుంది, క్లోమగ్రంథి చెబుతుంది, రోగి రోజూ మింగే మాత్రలు చెబుతాయి.

ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ లెక్కలు ఎటూ ఉన్నాయి. 40 దాటాలి, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులుంటే 35 దాటాలి అని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు గీత గీసింది. 2022లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఆ గీతను కిందికి దించాయి. 35 ఉంటే చాలు, మధుమేహం వంటివి ఉంటే 30 నుంచే ఆలోచించవచ్చు, ఆసియా జనాభాకు 27.5 నుంచే అన్నాయి. అర్హత వరకే ఈ అంకెల పని.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, సుమారు 80 శాతం తీసేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. పేగుల జోలికి వెళ్లరు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి చిన్నపేగుకు కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది కానీ అన్నం ఆ దారిన పోదు. నిజానికి స్లీవ్ మొదట్లో, మరీ భారీకాయులకు చేసే పెద్ద ఆపరేషన్‌లో తొలి అంచె మాత్రమే. దానితోనే చాలామంది బాగా తగ్గడంతో సొంతంగా నిలబడింది, ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా జరుగుతున్నదీ అదే. త్వరగా అయిపోతుంది, పేగులకు అతుకులు వేసే పని లేదు. ఈ సౌలభ్యంలో రోగి వాటా కొంత ఉన్నా, సర్జన్ వాటా తక్కువేమీ కాదని నా అనుమానం.

ఆ సౌలభ్యానికి రోగి చెల్లించే మూల్యమూ ఉంది: సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. స్విట్జర్లాండ్‌లో ఈ రెండింటినీ ఐదేళ్లపాటు పోల్చిన అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఛాతీమంట, పుల్లటి తేన్పుల బాధ మాత్రం బైపాస్ తర్వాత 60 శాతం మందికి పోతే, స్లీవ్ తర్వాత 25 శాతం మందికే పోయింది. ఏళ్ల తరబడి ఆ మంటతో ఉన్న మనిషికి ఎండోస్కోపీ అయినా చేయకుండా స్లీవ్ సూచించడం నాకు సమర్థనీయంగా తోచదు.

అలాగని బైపాస్ అందరికీ కాదు. పొగ మానలేనివారికి, కీళ్లవాతానికి నొప్పి మాత్రలు వాడక తప్పనివారికి అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి మందు రక్తంలో సరైన మోతాదులో ఉండటం ప్రాణావసరం. పేగు దారి మారితే ఆ లెక్క తప్పవచ్చు. కుటుంబంలో జీర్ణాశయ క్యాన్సర్ ఉంటే ఇంకో చిక్కు. లోపల మిగిలిన జీర్ణాశయాన్ని మామూలు ఎండోస్కోపీతో చూడలేరు.

మధుమేహం విషయంలో లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. జబ్బు ఎంత ముదిరితే అంత పెద్ద ఆపరేషన్ కావాలని ఎవరైనా అనుకుంటారు. 2017లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు నాలుగు అంశాలతో ఒక స్కోరు తయారుచేశారు. జబ్బు వచ్చి ఎన్నేళ్లయింది, ఎన్ని రకాల మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ ఉందా, మూడు నెలల సగటు చక్కెర అదుపులో ఉందా అన్నవే ఆ నాలుగు. జబ్బు తొలి దశలో ఉంటే రెండు ఆపరేషన్లూ బాగా పనిచేశాయి. మధ్యస్థ దశలో బైపాస్ స్పష్టంగా మెరుగు. బాగా ముదిరిన దశలో రెండింటితోనూ మధుమేహం వెనక్కి తగ్గేది కొద్దిమందికే. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం అప్పటికే అలసిపోయి ఉంటుంది కాబట్టి, అక్కడ ముప్పు తక్కువని స్లీవ్ వైపు మొగ్గడమే సబబని ఆ వైద్యులు సూచించారు.

ఏది చేసినా విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. బైపాస్‌లో బీ12, ఇనుము, కాల్షియం లోపాలు మరింత ఎక్కువ. పరీక్షలకు మళ్లీ రాగలరా అని ముందే అడగాలి. ఆ మాట చాలా సంప్రదింపుల్లో చివరి నిమిషానికి మిగిలిపోతుంది.

రోగి వైపు నుంచి అడగాల్సింది కూడా ఒకటుంది: మీరు రెండు ఆపరేషన్లూ చేస్తారా? ఒకటే చేతనైన సర్జన్‌కు వచ్చిన ప్రతి రోగీ దానికే సరిపోయినట్టు కనిపించవచ్చు.