కండ పట్టి చూసే డాక్టరు

తిరుపతిలో వైద్యానికి ఏం తక్కువ? రుయా ఉంది, స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర కేన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది. అయినా బైపాస్ రోడ్డులో జిమ్ము నడిపే మాస్టర్ ముందు వీళ్ళంతా దిగదుడుపే. ఆయన రక్తపరీక్షలు రాయడు. జబ్బ పట్టి చూసి, "ప్రోటీన్ తక్కువుంది తమ్ముడూ" అంటాడు. వెనక అద్దాల బీరువాలో మందు సిద్ధం: ప్రోటీన్ పొడి డబ్బాలు.

మొన్న ఒక పిల్లోడు నోరు జారాడు. "నా, ఇవి తాగితే కేన్సర్ వస్తాదంటారే?"

జిమ్మంతా నిశ్శబ్దం. మాస్టర్ నొచ్చుకున్నాడు. "ఇంపోర్టెడ్ నా ఇది! స్టిక్కర్ గీకు." గీకారు. నంబరొచ్చింది. ఫోన్లో కొట్టారు. 'మీ సరుకు అసలైనదే' అని మెసేజొచ్చింది. చుట్టూ చప్పట్లు. ఆ మెసేజ్ పంపింది డబ్బా అమ్మినోడే కదా అని ఒక్కడూ అడగలేదు. అడిగితే కార్డియో చేయిస్తాడని భయమేమో.

2024లో కేరళ వైద్యులు మన బజార్లో దొరికే 36 రకాల ప్రోటీన్ పొడుల్ని పరీక్ష చేయిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రోటీన్ లెక్కే తప్పు. 14 శాతంలో అఫ్లటాక్సిన్ దొరికింది. అంటే బూజు విషం, కాలేయ కేన్సర్ తెచ్చేదని ఎప్పుడో తేలినది. చిత్తూరు జిల్లాలో ఏ అవ్వయినా బూజు పట్టిన చెనిక్కాయను ఏరి పారేస్తుంది. అదే బూజు డబ్బాలో సీలేసి వేలకు వేలు చెబితే మనవడు పాలల్లో కలుపుకుని తాగుతాడు.

ప్రోటీన్ తాగితేనే కేన్సరని ఎవరూ తేల్చలేదు, నిజమే. 2015లో అమెరికాలో ఒక అధ్యయనం కండలు పెంచే పొడులు, మాత్రలు వాడినవాళ్ళలో వృషణాల కేన్సర్ ఎక్కువగా కనబడిందని చెప్పింది. కారణం అవేనని రుజువు చేయలేదు. ఆ చివరి వాక్యం ఒక్కటీ మాస్టర్ ఫ్రేము కట్టించి వెంకన్న పటం పక్కన తగిలిస్తాడు.

పొడితో ఆగితే నేనూ నవ్వి ఊరుకుందును. మూడో నెలకు, "రిజల్ట్ రాలేదు, చిన్న సూది వేద్దాం" అంటాడు. కండలు పెంచే స్టెరాయిడ్! కేన్సర్ తెచ్చే అవకాశం బాగా ఉన్నవాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం దాన్ని రాసిపెట్టింది. ఇంటర్ చదివే పిల్లోడికయ్యా, మీసం సరిగ్గా మొలవనోడికి! సూది పొడిచే హక్కు నీకెవడిచ్చాడు? రేపు వాడి కాలేయం చెడితే వాళ్ళమ్మ నగలు కుదువ పెట్టి ఆసుపత్రుల చుట్టూ తిరగాలి, నువ్వు మాత్రం ఇంకో బ్యాచికి జబ్బలు పట్టి చూస్తుంటావు, సిగ్గులేదా?

ఇంతకీ ఆ డబ్బాకు బిల్లడిగాడు పిల్లోడు.

"బిల్లెందుకు నా, మనలో మనకి!"